రైల్వే దాచిన ఎనిమిది రహస్యాలట! ఆరోది మాత్రం ఎవరికీ పంపకండి

"రైలు పట్టాల గురించి రైల్వే దాచిన ఎనిమిది రహస్యాలు, చదివి పది మందికి పంపండి" అనే మెసేజ్ మళ్ళీ బయల్దేరింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు, స్కూల్ బ్యాచ్ గ్రూపులో ఇంకొకరు, చివరికి హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ టైమింగుల కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా అదే. పంపేవాళ్ళలో సగం మంది రోజూ ఆ పట్టాల పక్కనే నిలబడి బండెక్కేవాళ్ళు. అదే అసలు కడుపుమంట.

మొదటి రహస్యం: "పట్టాల ఉక్కులో మాంగనీస్ కలుపుతారు, అందుకే తుప్పు పట్టదు." లింగంపల్లిలో ప్లాట్‌ఫాం మీద నిలబడే కిందికి చూడండి. చక్రం తిరిగే పైభాగం తళతళలాడుతుంది, పక్కలూ అడుగూ ఇటుక రంగులో ఉంటాయి. ఆ ఇటుక రంగునే తుప్పు అంటారు. పైన ఎందుకు లేదంటే చక్రాలు రోజంతా రుద్దుతున్నాయి కాబట్టి. కొన్నాళ్ళు బండి తిరగని పక్క లైనులో (సైడింగు) పైభాగం కూడా ఎర్రబడుతుంది. అది చూడ్డానికి బాగోకపోవడంతో ఆగదు. పట్టాల్లో కరెంటు పంపి బండి ఉందో లేదో కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్‌లో రెండు పట్టాల మధ్య కరెంటును చక్రాలు, ఇరుసు కలిపితేనే అక్కడ బండి ఉందని సిగ్నల్‌కు తెలుస్తుంది. మధ్యలో తుప్పు పొర అడ్డుపడితే, బండి నిలబడి ఉన్నా లైను ఖాళీ అని చూపించే ప్రమాదం ఉంది.

అయితే ఆ మెసేజ్ రాసినాయన మాంగనీస్‌ను గాల్లోంచి పుట్టించలేదు. మామూలు పట్టాలో అది ఒక శాతం అటూ ఇటూగా నిజంగానే ఉంటుంది. లైన్లు ఒకదాన్నొకటి దాటే క్రాసింగుల్లోనైతే 11 నుంచి 14 శాతం దాకా మాంగనీస్ ఉన్న పోత ఉక్కు వాడతారు. దెబ్బ పడేకొద్దీ దాని పైపొర గట్టిపడుతుంది, చక్రాలు ఎగిరి పడే చోట కావలసింది అదే. తుప్పుతో దానికి సంబంధం లేదు, ఆ క్రాసింగు కూడా తుప్పు పడుతుంది. పట్టాలను నిజంగా తినేసినది పెట్టెల మరుగుదొడ్ల నుంచి పడే నీళ్ళు. పట్టా అడుగుభాగం, దాన్ని బిగించి పట్టుకునే క్లిప్పు కింద లైనర్ అనే పలక కూర్చునే చోటు ముందు పాడయ్యేవి. బయో టాయిలెట్లు వచ్చాక ఆ బాధ తగ్గింది.

రెండోది, అమెరికాలో పట్టాలు రోడ్డు మీద వేస్తారు కాబట్టి వాళ్ళు రైల్‌రోడ్ అంటారట. మొదట్లో ఇంగ్లండ్‌లోనూ రెండు మాటలూ వాడేవాళ్ళు. అమెరికాలో రైల్‌రోడ్ నిలిచింది, ఇంగ్లండ్‌లోనూ మన దగ్గరా రైల్వే నిలిచింది. ముందుకు పదండి.

మూడోది కొంచెం ఓపిగ్గా చెప్పాలి. "పట్టాల మధ్య ఖాళీ వదలకపోతే ఎండకు వ్యాకోచించి రైలు పడిపోతుంది, ఇప్పుడు డబ్బులు మిగుల్చుకోడానికి ఖాళీ లేకుండా అతికేస్తున్నారు." 13 మీటర్ల పట్టాలను ఫిష్ ప్లేట్లతో, అంటే పక్కల బోల్టులతో బిగించే ఇనుప పలకలతో, కలిపిన రోజుల్లో ఖాళీ వదిలేవాళ్ళు, టకటక చప్పుడు అక్కడిదే. ప్రతి అతుకు దగ్గరా చక్రం దెబ్బ కొడుతుంది, బోల్టు రంధ్రాల దగ్గర పగుళ్ళు వస్తాయి, అతుకు కింద కంకర కుంగుతుంది. అందుకే వెల్డింగుకు మారారు. మరి వ్యాకోచం ఎటు పోతుంది? ఎటూ పోదు, పట్టాలోనే ఒత్తిడిగా ఉండిపోతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో ఒక్కో డిగ్రీకి దాదాపు 1.9 టన్నులు. లెక్కగట్టి బిగించిన ఉష్ణోగ్రత కంటే పట్టా 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఒక్కో పట్టాలో 47 టన్నుల పైనే. మే నెల మధ్యాహ్నం మన దగ్గర గాలి 42 ఉంటే పట్టా 60 దాటగలదు. ఆ ఒత్తిడిని క్లిప్పులు, పట్టాల కింది కాంక్రీటు దిమ్మెలు (స్లీపర్లు), చుట్టూ కంకర కలిసి పట్టి ఉంచుతాయి. అతికిన పట్టా రెండు చివర్లలో సుమారు వంద మీటర్ల మేర మాత్రమే కదలిక ఉంటుంది, దానికి అక్కడ ఎక్స్‌పాన్షన్ జాయింటు పెడతారు.

ఈ పట్టు తప్పేది ఎప్పుడంటే, స్లీపర్ల చివర కంకర తగ్గినప్పుడు, క్లిప్పులు ఊడినప్పుడు, లేదా మిషన్‌తో కంకర కూరిన కొత్తలో అది ఇంకా గట్టిపడనప్పుడు. అప్పుడు పట్టా పాములా పక్కకు వంగుతుంది. అందుకే ఆ పని జరిగిన చోట కొన్నాళ్ళు బండ్ల వేగం తగ్గిస్తారు, నడి ఎండలో ట్రాక్ వెంబడి మనుషుల్ని తిప్పుతారు. భయపడాలనుకుంటే లైను పక్కన కంకర బస్తాలకెత్తుకుని పోయేవాళ్ళను చూసి భయపడండి, వెల్డింగును చూసి కాదు. నాలుగోది, "కంకర చప్పుడు తగ్గించడానికే" అన్నది, దీంతోనే తేలిపోయింది.

ఐదోది పట్టాకు చెవి ఆనిస్తే బండి రాక తెలుస్తుందని. ఉక్కులో శబ్దం గాలిలో కంటే దాదాపు పదిహేను రెట్లు వేగంగా పోతుంది, నిజమే. అయితే 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 30 మీటర్లు నడుస్తుంది, వెనక లైను మీద వచ్చే బండి సంగతి వేరే. తల పట్టా మీద పెట్టి వినాల్సినంత ముఖ్యమైన కబురు ఏముందో మెసేజ్‌లో రాయలేదు.

ఇక ఆరోది: "పైన తీగను ముట్టుకుంటేనే షాక్. ఇంజను లేని వ్యాగన్ మీద కరెంటే ఉండదు, ధైర్యంగా ఎక్కి ఫొటో దిగొచ్చు." కింద రెండు నవ్వు బొమ్మలు. దీన్ని చదువుకున్నవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు పంపుతున్నారు.

ఇంజను తీగకు కరెంటు ఇవ్వదు మహానుభావా, తీగ నుంచి తీసుకుంటుంది. సరఫరా సబ్‌స్టేషన్ నుంచి వస్తుంది. కింద ఇంజను ఉన్నా లేకున్నా, బండి ఆగినా నడిచినా, పైన 25,000 వోల్టులు. మన ఇంటి ప్లగ్గులో ఉండేది 230. గాలిలోంచి ఈ కరెంటు దూకే దూరం నిజానికి కొన్ని సెంటీమీటర్లే, అందులో తిరకాసు లేదు. కానీ తీగ ఎత్తు పట్టా నుంచి సుమారు 5.5 మీటర్లు, వంతెనల కింద ఇంకా తక్కువ. వ్యాగన్ పైకప్పు దాదాపు 4 మీటర్ల ఎత్తు. పైన నిలబడ్డ మనిషి తల సరిగ్గా తీగ దగ్గరికొస్తుంది, ఫోను పట్టుకున్న చెయ్యి తీగను దాటేస్తుంది. వ్యాగన్ ఇనుపది, చక్రాల ద్వారా పట్టాలకు, అక్కణ్నుంచి భూమికి కలిసే ఉంటుంది. అంటే మధ్యలో మిగిలిన తీగ మీరే. ఆ మెరుపుకు బట్టలు అంటుకుంటాయి, మనిషి కింద కంకర మీద పడతాడు. అందుకే రెండు మీటర్ల లోపు ఎవరూ వెళ్ళకూడదని నియమం.

అక్కడ పని చేసేవాళ్ళే ఎలా వెళ్తారో చూడండి. ముందు కంట్రోల్ రూములో తీగల్లో కరెంటును చూసుకునే ట్రాక్షన్ పవర్ కంట్రోలర్ సరఫరా ఆపి, రాతపూర్వకంగా పర్మిట్ ఇవ్వాలి. ఆ తర్వాత కూడా పని చోటికి రెండు వైపులా తీగలో మిగిలిన కరెంటును దించే డిశ్చార్జ్ రాడ్లు తగిలించి పట్టాకు కలుపుతారు. ముందు పట్టా వైపు బిగించాలి, తర్వాతే తీగకు తగిలించాలి. తీసేటప్పుడు వరస తిరగబడుతుంది. ఆఫ్ చేసిన తీగకు ఇంత హంగామా ఎందుకంటే, పక్క లైనులో కరెంటు నడుస్తుంటే దీనిలోనూ ప్రాణం తీసేంత వోల్టేజీ పుడుతుంది. ఇన్నేళ్ళ అనుభవమున్న లైన్‌మ్యాన్ ఇంత చేస్తుంటే, చర్లపల్లి వైపు నిలబెట్టిన ట్యాంక్ వ్యాగన్ మీద ఇంటర్ కుర్రాడికి ధైర్యం ఒక్కటీ చాలుతుందట!

సంక్రాంతికి ఇంకో తిప్పలు. తీగకు చిక్కిన పతంగిని ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీంచి ఇనుప కడ్డీతో లాగబోతారు. లోహపు పొడి పూసిన మాంజా, తడిసిన దారం, కడ్డీ మూడూ కరెంటును మోసేవే. ఆ బ్రిడ్జి పక్కన కట్టిన జాలీ అందంకోసం కాదు. పది రూపాయల పతంగి, వదిలెయ్యండి.

ఎవరికైనా తగిలితే, సరఫరా ఆపారని రైల్వేవాళ్ళు చెప్పేదాకా చేత్తో కాదు, కర్రతో కూడా ముట్టుకోవద్దు. 139కి ఫోన్ చేయండి, దగ్గర్లో స్టేషన్ ఉంటే స్టేషన్ మాస్టరుకు చెప్పండి, ఫలానా కిలోమీటరు రాయి లేదా కరెంటు స్తంభం మీద నంబరు చదివి చెప్తే తొందరగా ఆపగలరు. మనిషి లేచి మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పైకి చిన్న గాయమే కనిపిస్తుంది, కాలింది లోపల, గుండె లయ తర్వాత కూడా తప్పొచ్చు.

ఏడోది, రూపాయి బిళ్ళ పెడితే రైలు పడిపోతుందట. పడదు, బిళ్ళ అప్పడమవుతుంది. దాన్ని పెట్టడానికి పట్టాల మీదికి వెళ్ళడమే నేరం: రైల్వే చట్టం సెక్షన్ 147, ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఎనిమిదోది చివరి పెట్టె వెనక ఎక్స్ గుర్తు గురించి. బండి పూర్తిగా వచ్చేసింది, మధ్యలో పెట్టెలేవీ తెగిపోలేదని తెలియడానికి అని రాశాడు. అక్షరాలా కరెక్టు. రాత్రిపూట ఎర్ర దీపం కూడా అందుకే. అవి లేకుండా బండి దాటిందంటే, ఆ సెక్షన్లో ఎక్కడో పెట్టెలు మిగిలిపోయాయేమో తేలేవరకు స్టేషన్ మాస్టరు వెనక బండిని వదలడు.