పాకం ముదిరిన రోజు

డిసెంబర్ రెండో ఆదివారం రాత్రి, విజయవాడ సింగ్ నగర్‌లోని మా వంటింట్లో జరిగిన వాదన ఇది. మా అమ్మ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ఒక షాపులో లెక్కలు రాస్తుంది. వేసవిలో ఆవకాయ, సంక్రాంతికి అరిసెలు, సున్నుండలు చేసి అమ్ముతుంది. ఏడాది పైనుంచి పరుగు కూడా మొదలుపెట్టింది. జనవరి మూడో ఆదివారం ముంబైలో ఫుల్ మారథాన్‌కి పేరిచ్చింది. అంటే పండగ హడావుడి అలా అవ్వగానే 42.195 కిలోమీటర్లు. మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, గుంటూరు దగ్గర ఒక స్కూల్లో పి.ఇ.టి. కాలేజీ రోజుల్లో 800 మీటర్లు పరుగెత్తినవాడు. పరుగు సంగతి తెలియక అడ్డుపడే మనిషి కాదు.

ఆ పొద్దున అమ్మ మూడున్నరకే లేచింది. బీఆర్‌టీఎస్ రోడ్డు మీదుగా వెళ్ళి, ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి అవతల కరకట్ట దాకా పోయి వచ్చింది. మొత్తం 28 కిలోమీటర్లు. మధ్యాహ్నం క్రిస్మస్ ఆర్డర్ల కోసం బెల్లం పాకం పెట్టింది. నేను ముందుగదిలో డబ్బాలకి లేబుళ్ళు అంటిస్తున్నాను. మాడు వాసన వచ్చి లోపలికి పరిగెత్తితే, అమ్మ గరిటె చేత్తో పట్టుకునే గోడకి ఆనుకుని నిద్రపోతోంది. గిన్నెలో పాకం ముదిరి నల్లబడింది. రెండో పొయ్యి మీద నూనె మూకుడు ఉంది. మామయ్యకి ఫోన్ చేసింది నేనే. ఆ సంగతి అమ్మకి అప్పుడు చెప్పలేదు.

మామయ్య: పాకం పోతే పోయిందిలే అక్కా. నిలబడి నిద్రపోయావు, అదీ కాగుతున్న నూనె పక్కన. ఇంకేం చెప్తావు నాకు?

అమ్మ: చెప్పడానికేం లేదురా, తప్పు నాదే. 28 కొట్టిన రోజు పాకం పెట్టకూడదు. ఆర్డరు ఉంది కదాని పెట్టేశాను. అంతమాత్రాన పరుగు మానెయ్యమంటే మానను, అరిసెలు మానెయ్యమన్నా మానను.

మామయ్య: రెండూ మానెయ్యమని ఎవరన్నారు? ఒకటి ఉంచుకో అంటున్నాను. నీకు ముందే ఒక ఉద్యోగం ఉంది. ఇల్లుంది. వాటి మీద వ్యాపారం, దాని మీద మారథాన్. మా స్కూల్లో ఎనిమిదో క్లాసు పిల్లలు కూడా లాంగ్ జంపు, కబడ్డీ, పరుగు అన్నిటికీ పేర్లిస్తారు. మీట్ రోజున దేనికీ ఒంట్లో సత్తువ ఉండదు. వాళ్ళకి ఏం చెప్తానో నీకూ అదే చెప్తున్నాను.

అమ్మ: ఆ పిల్లలకి వచ్చే ఏడు ఇంకో మీట్ ఉంటుంది. నాకు నలభై అయిదు. ఒకటి అయ్యాక ఇంకొకటి అని ఆగితే ఆ రెండోదానికి ఎప్పుడు వస్తాను? నువ్వే చెప్పావు కదరా, ఆడవాళ్ళకి ఒలింపిక్స్‌లో మారథాన్ 1984 దాకా పెట్టలేదని. అంత దూరం ఆడవాళ్ళ ఒంటికి పడదన్నారట. అప్పటికి నాకు నాలుగేళ్ళు. అంటే నేను పుట్టేనాటికి ఒలింపిక్స్‌లో లేని పోటీ ఇది.

మామయ్య: ఆ మాట నేను చెప్పిందే, కాదనను. ఆడదానివని ఆపట్లేదు. క్యాలెండరు చూసి ఆపుతున్నాను. మారథాన్‌కి ముందు రెండు మూడు వారాలు టేపర్ అంటారు. దూరం తగ్గించి కండరాలని కోలుకోనివ్వాలి, కడుపునిండా తినాలి, బాగా నిద్రపోవాలి. అప్పటిదాకా పడ్డ కష్టమంతా ఒంటికి పట్టేది ఆ రోజుల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే నీ అరిసెల సీజన్. పగలంతా షాపు, రాత్రి ఐదేసి గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డం. ఇక ఆ పిక్కలు కోలుకునేదెప్పుడు? ముంబైలో పెద్దర్ రోడ్డు ఎత్తు వచ్చేది పరుగు చివర్లో. కండరాలకి శక్తినిచ్చే గ్లైకోజెన్ అని ఒంట్లో దాచుకున్న నిల్వ ఉంటుంది, అది 30 కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది. సరిగ్గా ఆ తర్వాత ఎక్కాలి నువ్వా ఎత్తు.

(ఇక్కడ మామయ్య చెప్పిందంతా నిజమేనని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు. ఫ్రిజ్ మీద అంటించిన ప్లాన్‌లో టేపర్ వారాల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత ఉంది. దాని కిందే పండగ ఆర్డర్ల కాగితం.)

అమ్మ: జపాన్‌లో యూకీ కవౌచి అని ఒకతను ఉన్నాడు. స్కూలు ఆఫీసులో ఫుల్ టైమ్ ఉద్యోగం చేసుకుంటూ 2018లో బోస్టన్ మారథాన్ గెలిచాడు, చలిలో, వానలో. స్పాన్సర్ లేడు. ఆఫీసుకి పోయే ముందు, ఖాళీ దొరికినప్పుడు పరుగెత్తాడు.

మామయ్య: మరుసటి ఏడు అదే కవౌచి ఉద్యోగం వదిలేసి పూర్తిగా పరుగులోకి వచ్చాడు. ఆ సగం ఎందుకు చెప్పవు? పైగా ఆఫీసు నుంచి ఇంటికొచ్చి తొంభై కిలోల పిండివంటలు చెయ్యలేదు అతను.

అమ్మ: సరే, అతన్ని వదిలెయ్. లెక్కలు నా పని, లెక్కే చెప్తా విను. పోయిన సంక్రాంతికి 90 కిలోలు చేశాను. ఖర్చులు పోను కిలోకి 120 రూపాయలు మిగిలింది. అంటే 10,800. పన్నెండు రాత్రులు, రాత్రికి ఐదు గంటలు. గంటకి 180 పడింది. షాపులో జీతం 18,000. నెలకి 26 రోజులు, రోజుకి తొమ్మిది గంటలు. గంటకి 77. నువ్వు వ్యాపారం అంటున్నావే, ఇంట్లో నా గంటకి ఎక్కువ విలువ కడుతున్నది అదొక్కటే.

మామయ్య: అయితే షాపు మానెయ్.

అమ్మ: అరిసెలకి పట్టుమని పదిహేను రోజులు. ఆవకాయకి ఏప్రిల్, మే. మిగతా నెలలు ఏం తింటాం? ఒకటో తారీకు జీతం పడుతుంది కాబట్టే వేసవిలో మిరపకాయలు, నువ్వుల నూనె ముందుగా కొని పెట్టుకోగలుగుతున్నాను. ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయిరా ఇవి.

మామయ్య: బాగుంది. మరి పరుగు దేని మీద నిలబడింది? దాన్నుంచి రూపాయి రాదు. బూట్లు, రైలు టికెట్లు, ఎంట్రీ ఫీజు అన్నీ ఎదురు ఖర్చే.

(అమ్మ కాసేపు మాట్లాడలేదు. గిన్నె దగ్గరికి వెళ్ళి అడుగున పట్టేసిన పాకాన్ని చెంచాతో గీకింది. రాలేదు. అందులో వేణ్ణీళ్ళు పోసి వచ్చి కూర్చుంది.)

అమ్మ: 2024 సెప్టెంబర్ ఒకటో తేదీ. బుడమేరు పొంగిన రోజు. నీకు ఫోన్ కూడా కలవలేదు అప్పుడు. కింద గదిలో ఆ ఏడాది ఆవకాయ నలభై కిలోలు జాడీల్లో ఉంది. తడి చెంచా తగలనివ్వకుండా చూసుకున్న ఆవకాయ. బురదనీళ్ళలో జాడీలు తేలుతుంటే మేడ మీద నుంచి చూశాం. మూడో రోజు ఛాతీ లోతు నీళ్ళలో ఫ్లైఓవర్ దాకా నడిచి బయటపడాల్సి వచ్చింది. నడవలేకపోయానురా. కాళ్ళు వణికిపోయాయి. నీ మేనకోడలు, ఇదిగో ఇది, నా రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు గానీ ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

మామయ్య: ...

అమ్మ: నవంబర్‌లో మొదటిసారి బ్యారేజీ మీదకి వెళ్ళాను. 1957 నాటి వంతెన, పొడవు 1,223 మీటర్లు. అది దాటడానికి నాలుగుసార్లు ఆగాను. మూడోసారి ఆగిన చోటు గుర్తుంది. వరదకి కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకున్న గేట్లు అక్కడే. ఫిబ్రవరికి ఆగకుండా దాటాను. ఈ ఆగస్టులో హైదరాబాద్ ఫ్లైఓవర్లు ఎక్కి దిగి హాఫ్ మారథాన్ పూర్తి చేశాను, 2 గంటల 41 నిమిషాలు. ఇదంతా ముంబైలో మెడల్ కోసం కాదు. ఇంకోసారి నీళ్ళొస్తే నా కాళ్ళ మీద నేను బయటికి రావాలి.

మామయ్య: (మెల్లగా) దానికి 42 కిలోమీటర్లు అక్కర్లేదక్కా. పది చాలు.

అమ్మ: పది చాలని ఆగిపోయుంటే పది కూడా చెయ్యలేకపోయేదాన్నేమో.

మామయ్య: సరే, పరుగు ఎందుకో అర్థమైంది. ఆవకాయ పోయిన నష్టం అరిసెలతో పూడ్చావు, అదీ తెలుసు. అడ్వాన్సులు ఇచ్చినవాళ్ళకి ఒక్కరికీ ఎగ్గొట్టకుండా తిరిగిచ్చావు. కానీ నీ లెక్కలో తప్పుంది.

అమ్మ: నా లెక్కలోనా?

మామయ్య: 10,800ని అరవై గంటలతో భాగించావు. అవి నీ గంటలు. మరి దీని గంటలో? లేబుళ్ళు, ప్యాకింగు, కొరియర్ ఆఫీసు దగ్గర క్యూ. అరిసెల చెక్కల మధ్య నూనె ఒత్తేది ఎవరు? పన్నెండు రోజులు, రోజుకి రెండున్నర గంటలు వేసుకో. ముప్ఫై. మొత్తం తొంభై. గంటకి 120 అయింది నీ 180. ఆదివారం పొద్దున్నే నువ్వు పరుగుకి పోతే బావ టిఫిన్ చేసి డ్యూటీకి పోతున్నాడు, అది వెయ్యనే లేదు. నువ్వు నీ నిద్ర ఒక్కటే ఖర్చు పెడుతున్నాననుకుంటున్నావు. ఇంట్లో అందరి దగ్గరా తలా కాస్త తీసుకుంటున్నావు.

(నాన్న ఆటోనగర్‌లో లారీల బాడీ బిల్డింగ్ షెడ్‌లో పని చేస్తారు. అర్జంటు పనుంటే ఆదివారాలు కూడా వెళ్తారు. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. అమ్మ నా వైపు తిరిగి “నీకు కష్టంగా ఉందా?” అని అడిగింది. అబద్ధం చెప్పాలనిపించలేదు. మామూలు రోజుల్లో ఇష్టంగానే ఉంటుంది, డబ్బా మీద మన పేరు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు చూస్తే గర్వంగా ఉంటుంది, పోయినసారి పరీక్షల వారం మాత్రం ఏడుపొచ్చింది అన్నాను. మామయ్యకి ఫోన్ చేసింది కూడా నేనేనని చెప్పేశాను.)

అమ్మ: (చాలాసేపటి తర్వాత) ఆ ఆర్డర్ల పుస్తకం ఇలా తే.

మామయ్య: మానేస్తావా?

అమ్మ: మానను. అరిసెలు మూడు వారాలైనా నిలవుంటాయి. పండగ ముందు రోజు దాకా చెయ్యాల్సిన పనేముంది? డిసెంబర్ 29న బియ్యం నానపోస్తాను. జనవరి 8కి పొయ్యి ఆర్పేస్తాను. ఆ తర్వాత పది రోజులు నిద్ర, తిండి, చిన్న చిన్న పరుగులు. జంతికలు ఈసారి లేవు. చెయ్యడం 60 కిలోలే. నూనె ఒత్తడానికి పక్కింటి పిన్నిగారిని పెట్టుకుని గంటకి వంద ఇస్తాను. ఇదిగో, దీనికి పరీక్షలున్న వారం దీని చేతికి డబ్బా కూడా ఇవ్వను.

మామయ్య: అంటే వ్యాపారం తగ్గించుకున్నావు. నేను ఒకటి ఎంచుకో అన్నది అదే కదా.

అమ్మ: కాదు. నువ్వు ఒకటి తీసెయ్యమన్నావు. నేను దేనికెంతో కొలిచి పోసుకుంటున్నాను. వేసవిలో ఇదే తిరగేస్తాను. ఏప్రిల్, మేలో ఆ ఎండలకి ఎటూ పెద్ద పరుగులు కుదరవు, రోజుకి ఐదు కిలోమీటర్లు చాలు. అప్పుడు ఆవకాయదే రాజ్యం.

మామయ్య: ఇప్పుడు ఇలాగే అంటావు. ఆర్డర్లు వస్తుంటే ఆగవు. నిన్ను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఇంటికొచ్చిన మనిషికి లేదని చెప్పడం నీ వల్ల కాదు.

(అమ్మ పుస్తకం తీసి కూడింది. అప్పటికే 52 కిలోలు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తెనాలి నుంచి, పాత కస్టమర్. నలభై కిలోల ఆవకాయ కొట్టుకుపోయినప్పుడు అడ్వాన్స్ తిరిగి తీసుకోనని పట్టుబట్టిన ఆవిడ. ఫోన్ స్పీకర్లో ఉంది. పది కిలోలు కావాలంది. మామయ్య చేతులు కట్టుకుని అమ్మనే చూస్తున్నాడు.)

అమ్మ: ఎనిమిదే ఇవ్వగలనండీ... అవునండీ, ఎనిమిదే. లేదండీ, మీకు ఇవ్వకపోతే ఎవరికిస్తానండీ, ఈసారికి అంతే చేస్తున్నాను. 8వ తేదీకల్లా కొరియర్ వేసేస్తాను.

(ఫోన్ పెట్టేసి, 60 దగ్గర గీత కొట్టింది. చేయి కొంచెం వణికింది.)

మామయ్య: సరే, చూశాను. అయినా నేను ఒప్పుకోలేదు. జనవరి 9న వస్తాను. నీ పిక్కలు నేనే నొక్కి చూస్తా. రాయిలా ఉన్నాయా, ముంబై టికెట్టు నేనే క్యాన్సిల్ చేస్తా.

అమ్మ: రా. వచ్చేటప్పుడు నీ స్టాప్‌వాచ్ కూడా పట్టుకురా.