అరటి గెల తర్వాతే మనిషి

పెరూ అడవిలో వాయాగా నది ఒడ్డున యూరిమాగ్వాస్ అనే చిన్న రేవు పట్నం ఉంది. తారాపోతో నుంచి కొండలు దిగి వచ్చిన తారురోడ్డు ఇక్కడితో సరి. దిగువనున్న ఇకీతోస్ నగరాన్ని మిగతా దేశంతో కలిపే రోడ్డే లేదు. అందుకే ఉల్లిపాయ మొదలు సిమెంటు దాకా ఎంతో సరుకు ఈ రేవులో లాంచీ ఎక్కుతుంది. అలాంటి చోటికొచ్చి, అదే లాంచీలో ఇకీతోస్ వెళ్దామని కొందరు యాత్రికులు టైంటేబుల్ అడుగుతారు. ఎంత అమర్యాద!

లాంచీ ముందు పలక మీద సుద్దతో 'సాలే ఓయ్' అని రాసుంటుంది. మిమ్మల్ని పిలుస్తున్నారనుకోకండి. స్పానిష్‌లో 'ఓయ్' అంటే ఈ రోజు. 'ఈ రోజే బయల్దేరును' అని భావం. రేపొచ్చి చూసినా అదే రాత. 'అప్పు రేపు' బోర్డుకి ఎంత నిజాయితీ ఉందో దీనికీ అంతే. సరుకు నిండితేనే కదలిక. కాబట్టి గడియారం జేబులో పెట్టి లాంచీ అంచు చూడండి. కింది డెక్కులో ఇంకో మోటార్‌సైకిలు పట్టే జాగా ఉంటే నింపాదిగా భోంచేసి రావచ్చు. బరువుకి అంచు కుంగి నీళ్లకి జానెడు దూరంలో ఉందా, పరుగెత్తండి.

అరటి గెలలకి చోటు వాళ్లే చూపిస్తారు. మనిషే వెతుక్కోవాలి, పడుకోవడానికి ఊయల కూడా తనే తెచ్చుకోవాలి. వలది వద్దు, బట్టది కొనండి. భూమధ్యరేఖ దగ్గర చలేమిటని నవ్వినవాళ్లే అర్ధరాత్రి నదిగాలికి వణికేది. రెండు తాళ్లు, ఒక్కోటి రెండు మూడు మీటర్లు ఉండాలి, ఎందుకంటే పైనున్న ఇనుప గొట్టాలు మీ ఊయల కొలతకి బిగించినవి కావు. పై డెక్కులో ముందువైపు కట్టండి. వెనకాల ఇంజను, వంటిల్లు, మరుగుదొడ్డి ఉంటాయి, మూడూ నిద్రపోవు. బల్బు కిందా వద్దు, అడవిలో పురుగులన్నీ అక్కడే సభ పెడతాయి. మీకూ పక్కవాళ్లకీ మధ్య మూరెడు ఖాళీ మిగిలిందని మురిసిపోకండి. అందులో ఇంకో ఊయల పడుతుంది, ఆ తర్వాత ఆ ఊయల మోచెయ్యి మీ పక్కటెముకకి తగులుతుంది. సంచీని ఊయల కిందే కట్టేసుకోండి. మధ్య రేవుల్లో జనం ఎక్కుతూ దిగుతూ ఉంటారు, అందరూ అరటిపళ్లు అమ్మడానికే రారు.

గిన్నె, చెంచా మీవే. తాగే నీళ్లు రోజుకి మూడు లీటర్ల లెక్కన ముందే కొనుక్కోండి. వంటకి వాడేది నది నీళ్లే కావచ్చు.

వాయాగాలోంచి మరాన్యోన్, అందులోంచి అమెజాన్: రెండు మూడు రోజుల దారి. అది కాగితం మీద. నీళ్లు తీసిన నెలల్లో లాంచీ ఇసుక మేట ఎక్కి కూర్చుంటుంది. గెడతో లోతు చూసేవాడు ముందు నిలబడి గుచ్చుతూనే ఉంటాడు. ఎప్పుడు కదులుతుందని సరంగుని అడిగితే ఆయన నదికేసి చూస్తాడు. సమాధానం అదే.

ఇకీతోస్ రేవులో హమాలీలు తోసుకుంటూ లాంచీ ఎక్కుతారు, ఉల్లిపాయ బస్తాల కోసం. మీరు దారిలోంచి కాస్త పక్కకి జరగాలి.