మా తాతలు పసరు పోశారు, మా చేతులు వాసన చూడండి

వంశవృక్షం ఎక్కేవాళ్లు ఒకప్పుడు రాజుగారి కొమ్మ దగ్గరే ఆగేవారు. రాజు దొరక్కపోతే మంత్రి, మంత్రీ దొరక్కపోతే కనీసం సేనాపతి. ఇప్పుడు ఆ మోజు తగ్గింది. రాజవంశం అనగానే కోట ఏది, శాసనం ఏది అని అడిగేవాళ్లు తయారయ్యారు. అందుకని తెలివైనవాళ్లు నాటువైద్యుడి కొమ్మకు మారారు. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. నాటువైద్యుడంత సౌకర్యమైన పూర్వీకుడు ఇంకొకడు దొరకడు. కోట కట్టలేదు కాబట్టి చూపించక్కర్లేదు. పుస్తకం రాయలేదు కాబట్టి తప్పు పట్టడానికి లేదు. బయటికి చెబితే మందు పనిచేయదన్నాడు కాబట్టి, మందేమిటని అడిగినవాడే మర్యాద తెలియనివాడవుతాడు. ఆయన చేతిలో నయమైనవాళ్లు ఎంతమంది అంటే లెక్కలేనంతమంది. నిజమే, ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇలాంటి ఇంటిని పోల్చుకోవడం తేలిక. షోకేసులో పిల్లల కప్పులూ షీల్డుల పక్కన ఒక రాతి కల్వం ఉంటుంది. దాని అంచు ఒకవైపు బాగా అరిగి ఉంటుంది. 'చూశారా, తాతగారిది ఎడమచేతి వాటం' అని ఇంటాయన ఆ అరుగుదల మీద వేలు పెట్టి మరీ చూపిస్తాడు. అడుగున నల్లటి మరక. అది ఏ మూలికదో ఎవరూ చెప్పలేరు గానీ, ఏ జబ్బుకో మాత్రం ఠక్కున చెబుతారు: అన్నిటికీ. ప్రస్తుతం ఆ కల్వంలో స్కూటర్ తాళాలు, రెండు పాత బ్యాటరీలు, సగం వాడిన గ్యాస్ మాత్రల స్ట్రిప్పు ఉంటాయి. స్ట్రిప్పు గురించి అడక్కండి, బాధపడతారు.

లెక్కకొద్దాం. పది తరాలు వెనక్కి వెళితే ఆ ఒక్క తరంలోనే మనకు 1,024 మంది పూర్వీకుల గళ్లుంటాయి. అందులో ఒకాయన వేరు నూరాడు. మిగతా 1,023 గళ్లలో ఉన్నవాళ్లు ఏం చేసి పొట్టపోసుకున్నారో ఎవరికీ అక్కర్లేదు. పైగా అంత వెనకటివాళ్లలో చాలామంది డీఎన్‌ఏ మన ఒంట్లో ముక్కయినా మిగలదని జన్యుశాస్త్రం అంటుంది. దీనికి మనవాళ్ల జవాబు సిద్ధంగా ఉంది: డీఎన్‌ఏ పోతే పోయింది, హస్తవాసి ఉంది కదా!

హస్తవాసి వంశపారంపర్యంగా వస్తుందనే సిద్ధాంతానికి గట్టి చరిత్రే ఉంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజులు చేత్తో తాకితే మెడలో గడ్డలు కట్టే గండమాల జబ్బు తగ్గుతుందని వందల ఏళ్లు నమ్మారు. ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ తన హయాంలో దాదాపు 90,000 మందిని తాకాడు. 1712లో ఆన్ రాణి తాకిన పసివాళ్లలో శామ్యూల్ జాన్సన్ ఒకడు. పెద్దయ్యాక నిఘంటువు రాసి పేరు తెచ్చుకున్న జాన్సనే. రాణిగారిచ్చిన పతకాన్ని ఆయన బతికినంతకాలం మెడలో ఉంచుకున్నాడు. గండమాలకు కత్తి పెట్టించుకున్న మచ్చలూ బతికినంతకాలం ఉన్నాయి. పతకం మాత్రం మేలిమి బంగారం, అందులో మోసం లేదు.

కాగితాలున్న వైద్యవంశమే కావాలంటే వేల్స్‌లో మిద్వై అనే ఊరుంది. 13వ శతాబ్దంలో రివల్లన్ అనే వైద్యుడూ, అతని కొడుకులూ రీస్ గ్రిగ్ అనే ప్రభువు కొలువులో ఉన్నారు. వాళ్ల పేరుతో ఉన్న మందుల పాఠం 1382 తరవాత తయారైన ఒక పెద్ద రాతప్రతిలో దొరుకుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇంకో మెట్టు పైకెక్కితేనే చిక్కు. ఐతిహ్యం ప్రకారం రివల్లన్ తల్లి వాన్ వాఖ్ సరస్సులోంచి వచ్చిన జలకన్య. అకారణంగా మూడు దెబ్బలు కొడితే వెళ్లిపోతానని షరతు పెట్టి ఒక రైతును చేసుకుంది. మూడో దెబ్బకు పశువులతో సహా నీళ్లలోకి వెళ్లిపోయింది. తరవాత కొడుకుల కోసం వచ్చి మూలికలు చూపించింది. కాబట్టి వంశవృక్షం ఫారంలో 'పుట్టిన ఊరు' అన్నచోట సరస్సు అని, 'మరణం' అన్నచోట వర్తించదు అని రాసుకోవాలి. ఆ మూడు దెబ్బలు కొట్టిన రైతు కూడా పూర్వీకుడే సుమా. ఆయన పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఎవరూ వేయించరు.

స్కాట్లండ్‌లోని బీటన్లు మరీ ఇబ్బంది పెడతారు. ద్వీపాల ప్రభువులకు తరతరాలుగా వైద్యులు. వైద్యం రక్తంలోనే ఉందనుకుంటామా, తీరా చూస్తే ఇంట్లో పుస్తకాలున్నాయి! 1305 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో బెర్నార్డ్ డి గోర్డన్ లాటిన్‌లో రాసిన వైద్యగ్రంథం వాళ్ల భాష గేలిక్‌లోకి వస్తే, దాన్ని చేత్తో నకలు రాయించుకుని మరీ చదివారు. ఇదెక్కడి పద్ధతి? పెద్దల ఆస్తి కూర్చుంటే రావాలి గానీ, లాంతరు పెట్టుకుని చదివితే అది వారసత్వం ఎలా అవుతుంది?

అన్నిటికన్నా నాకు నచ్చిన పూర్వీకురాలు ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ ముసలమ్మ. ఒంటికి నీరుపట్టే జబ్బుకు ఆవిడ దగ్గర ఇంటిమందు ఉండేది. 1775లో విలియం విదరింగ్ అనే డాక్టరును ఆ మందు మీద అభిప్రాయం అడిగారు. అందులో 20 మూలికలో, ఇంకా ఎక్కువో ఉన్నాయి. తాగినవాళ్లకు వాంతులు, విరేచనాలు. ఆయన వాటన్నిటిలో ఫాక్స్‌గ్లోవ్ అనే ఒక్క మొక్కను పట్టుకుని, ఏళ్ల తరబడి మోతాదు సరిచూసి, 1785లో పుస్తకం వేశాడు. అదే గుండెజబ్బుకు వాడే డిజిటాలిస్. మరి మిగతా 19 మూలికలు ఏమయ్యాయి? నా పరిశీలనలో వైద్యవంశాల వారసులకు దక్కినవి సరిగ్గా అవే.

ఇక ఆవిడ పేరంటారా, విదరింగ్ రాయనే లేదు. 'మదర్ హటన్' అనే పేరు 1928లో ఒక మందుల కంపెనీ ప్రకటన పుట్టించింది. ప్రకటనకు పుట్టిన ముసలమ్మకు ముని మనవలు లేకపోతారా, ఓపిగ్గా వెతకాలి.

అసలు నాటువైద్యుల పేర్లు నిజంగా దొరికే చోట మనవాళ్లు వెతకరు. బ్రిటన్‌లో వైద్యుల రిజిస్టరు పెట్టిందే 1858 చట్టం, అందులో పసరు పోసేవాళ్లకు చోటు లేదు. వాళ్లు కాగితం మీదికి ఎక్కింది ఎక్కువగా కోర్టుల్లో. స్కాట్లండ్ మంత్రసాని ఆగ్నెస్ సాంప్సన్ ఊరివాళ్లకు వైద్యం చేసేది. ఆవిడ పేరు మనదాకా రావడానికి కారణం, 1591లో మంత్రగత్తె అని నేరం మోపి, హింసించి, చంపేయడం. అలాంటి ఆవిడకు వారసులం అనడానికి ఇప్పుడు అందరూ ముందుకొస్తారు. ఆవిడ మీద సాక్ష్యం చెప్పినవాళ్లకు మాత్రం సంతానయోగం లేకపోయింది, పాపం.

వైద్యుడు యముడికి తోబుట్టువని, యముడు ప్రాణాలే తీస్తే ఈయన డబ్బు కూడా తీస్తాడని ఒక పాత శ్లోకం ఫిర్యాదు చేస్తుంది. ఆ లెక్కన వంశవృక్షంలో చిన్నతాత వరసలో యముడికీ ఒక గడి ఇవ్వాలి. ఈ సూచన చేసినప్పటి నుంచి నన్ను కొన్ని ఇళ్లకు పిలవడం లేదు.

వైద్యుడు ఒక్కడు, రోగులు ఊరంతా. కాబట్టి మనలో ప్రతివాడూ ముందుగా రోగుల వంశీయుడే. పసరు తాగి బతికినవాళ్లకూ, పసరు తాగినా బతికినవాళ్లకూ పుట్టినవాళ్లం. అందుకే రోగుల వారసులకు ఒక సంఘం పెడదామని ప్రతిపాదించాను. ఆధారాలు చూపించే టెన్షన్ లేదు, రుసుము లేదు. ఒకాయన మాత్రం ఆసక్తి చూపించి, సభ్యుల జాబితాలో తన పేరు పైనుండాలన్నాడు. 'మా ముత్తాతది మామూలు జ్వరం కాదండీ, ముగ్గురు వైద్యులు చేతులెత్తేసిన జ్వరం.'