నీలి గుహ గారికి, పడవ క్యూలోంచి

మహారాజశ్రీ ఇటలీ దేశపు కాప్రి ద్వీపం ఒడ్డున, సముద్రపు నీళ్లలో కొలువైన నీలి గుహ గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. కుశలం తమరిదే లెండి, ఇక్కడ బోటులో ఉన్నవాళ్లకి కడుపులో తిప్పుతోంది.

ఈ శనివారం మధ్యాహ్నం కూడా తలుపులు మూసేశారు. సంతోషం. మోటారు బోటు వెనక్కి తిరిగింది. 'వారాంతం హాయిగా గడుపుదాం' అన్న ఐడియా ముందు ఎవరిదో అందులోని జంటలు ఇప్పుడు తేల్చుకుంటున్నాయి.

తమరి దర్శనానికి క్రమం ఉందని తెలుసు. నేపుల్స్‌లో బెవెరెల్లో రేవు నుంచి హైడ్రోఫాయిల్ అనే వేగం పడవలో యాభై నిమిషాలు. కాప్రి రేవు మరీనా గ్రాందేలో దిగి మోటారు బోటుకి ఒక టికెట్టు. ఆ బోటు తమరి గుమ్మం దాకా వస్తుంది గానీ లోపల పట్టదు. అందుకని గుమ్మం ముందు నీళ్ల మీదే క్యూ. డీజిల్ వాసన పీలుస్తూ, ఎదురుగా రాతిగోడ ఎక్కుతూ దిగుతూ ఉంటే చూస్తూ కూర్చోవాలి. అలా ఎంతసేపో తమరి దయ, జూలైలో అయితే గంట దాటినా అడిగేవాడు లేడు. ఆ తర్వాత ఊగుతున్న బోటులోంచి ఊగుతున్న తెడ్డు పడవలోకి కాలు పెట్టాలి. రెండూ ఒకే లయలో ఊగితే ఆశ్చర్యపోవాలి. తేలుతూ ఉండే టికెట్టు పడవ దగ్గర మనిషికి 18 యూరోలు. పడవవాడికి ఇచ్చే టిప్పు వేరే లెక్క.

ఇన్ని చేసి లోపల ఉండేది అయిదు నిమిషాలు. తిరుమలలో 'జరగండి, జరగండి' అని తోసినా చేతిలో లడ్డూ పడుతుంది. ఇక్కడ పడవవాడి పాట ఒక్కటే ప్రసాదం.

ఇక తమరి గుమ్మం సంగతి. ఎత్తు సుమారు మీటరు. అర మీటరు అల లేచిందా, మిగిలేది అర మీటరు, లెక్క అంతే. అందుకే అందర్నీ పడవ అడుగున వెల్లకిలా పడుకోబెడతారు, భార్య తల భర్త పొట్ట మీద, భర్త తల ఎవరిదో బ్యాగు మీద. పడవవాడు అల దిగే క్షణం కోసం కాచుకుని, రాతికి బిగించిన గొలుసు పట్టి ఒక్క లాగు లాగుతాడు. ఆ క్షణంలో సెల్ఫీకని తల ఎత్తితే ఫొటోతోపాటు బొప్పి కూడా వస్తుంది.

ఆకాశంలో మబ్బు తునక లేదు, ఫోన్లో నవ్వుతున్న సూర్యుడి బొమ్మ. అయినా 'మూసేశారు'! ఎండకీ తమరికీ సంబంధమేముంది? తమరి ముఖం ద్వీపానికి వాయవ్యం వైపు. వాయవ్యం అంటేనే వాయుదేవుడి మూల. అటు నుంచి మాయెస్త్రాలే గాలి కాస్త వీచిందంటే తమరికి గొంతు పూడుకుపోతుంది. అదే గంటలో దక్షిణాన మరీనా పిక్కోలాలో నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. ఇల్లు కట్టినవాడెవడో వాస్తు చూడలేదు.

పైగా తమరి నీలం బాగా వెలిగేది మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ మధ్య. గాలి లేచేదీ తరచు అప్పుడే, జనం విరగబడేదీ అప్పుడే. ఇది కావాలని చేసింది కాకపోతే మరేమిటి?

1826లో జర్మన్ కవి కోపిష్, చిత్రకారుడు ఫ్రైస్ ఈదుకుంటూ లోపలికి వచ్చేశారు. వాళ్లకి క్యూ లేదు, టికెట్టు లేదు. ఇప్పుడు ఈత నిషేధం! అంటే నీకు కవులైతే ఒక రూలు, మాకొక రూలు. సెలవు పెట్టి, వీసా తీసుకుని, నెల ముందే గది బుక్ చేసుకుని వస్తే, మూడు పడవల దూరంలో నిలబెట్టి మొహం మీద తలుపు వేస్తావా? నీకు మొహమాటం లేదా?

మిగతా ద్వీపం మీదా ఫిర్యాదులున్నాయి గానీ అవి చిన్నవి. మోంతె సొలారో శిఖరానికి వెళ్లే కుర్చీ లిఫ్టులో కుర్చీకి ఒక్కరే. పదమూడు నిమిషాలు మొగుడి వీపు చూస్తూ వెళ్లడాన్ని హనీమూన్ అంటున్నారు. ఊరి నడి కూడలి పియాజ్జెత్తాలో నిలబడి తాగితే కాఫీ, కూర్చుని తాగితే కాఫీతోపాటు కుర్చీ అద్దె. బీచ్ అన్నారు, కాలు పెడితే గులకరాళ్లు.

అయినా నీ సంగతి వేరు. ఆ చిన్న గుమ్మం కింద, నీళ్లలో మునిగి ఇంకా పెద్ద కంత ఉంది. వెలుగు అక్కడి నుంచి నీటిలోంచి వడకట్టుకుని వస్తుంది, ఎరుపంతా నీళ్లు తాగేసి నీలం ఒక్కటే లోపలికి వదులుతాయి. చెయ్యి ముంచితే, చర్మానికి అంటుకున్న గాలి బుడగలు మెరిసి, ముంజేతి దాకా వెండి తొడుగు వేసినట్టుంటుంది. బయటికి తీస్తే మళ్లీ మామూలు చెయ్యే. ఇదంతా తెలిసి కూడా నిన్ను తిట్టి ఊరుకోవడం ఎవరి వల్లా కావట్లేదు, అదీ మా ఖర్మ.

రేపు ఆదివారం. ఈసారి మోటారు బోటు ఊసే వద్దు. ద్వీపంలోని పై ఊరు అనకాప్రి నుంచి బస్సులో వచ్చి, మెట్లు దిగి, తొమ్మిదికల్లా నీ గుమ్మం పక్కన ఉంటాం. వెలుగు తక్కువైనా సర్దుకుంటాం. గాలితో కాస్త మాట్లాడి ఉంచు.

ఇట్లు,
పడవ అడుగున వెల్లకిలా పడుకోవడానికి ఇప్పటికీ సిద్ధంగా ఉన్న ఒక జంట