జీరో ప్లే గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ, కారు ఇంజిన్‌లోకి గాలిని కొలిచి వదిలే ఆరు థ్రాటిల్ బాడీల సెట్టు గారి సముఖానికి, తమరి దాసుడు గ్యారేజీ నేల మీద వెల్లకిలా పడుకుని రాసుకుంటున్న విన్నపం.

ఉభయకుశలోపరి అని ఈసారికి రాయడం లేదు. తమరు కుశలంగానే ఉన్నారు, తళతళా మెరుస్తున్నారు. నా నడుము సంగతే బాగాలేదు.

నిన్నటి ఆదివారం గుర్తుందా? పొద్దున పదింటికి గాలి గేజ్ చేత్తో పట్టుకుని మీ ముందు కూర్చున్నాను. ఒక ట్రంపెట్ (గాలి పీల్చే గొట్టం) మూతి మీద గేజ్ ఆనించడం, స్క్రూ కొంచెం తిప్పడం, పక్కదాని దగ్గరికి వెళ్లడం, ఈలోగా మొదటిది మారిపోవడం. ఆరింటినీ ఒక మాట మీదికి తెచ్చేసరికి రెండయింది. గంటకి అయిదు కేజీల గాలి, ఆరూ సమానం, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) నిమిషానికి 950 చుట్లు. ఫొటో కూడా తీసుకున్నాను, పిల్లాడి మార్కుల కార్డు తీసుకున్నట్టు. ఇరవై నిమిషాలు తిప్పి సిగ్నల్ దగ్గర ఆగితే ఐడిల్ 1,700. పక్క కారాయన నేను రేసుకి పిలుస్తున్నాననుకున్నాడు.

ఇంటికొచ్చి వేడి మీదే గేజ్ పెట్టాను. ఎడమవైపు మూడూ అయిదు. కుడివైపు మూడూ ఎనిమిది.

‘ఒక్కసారి సెట్ చేయండి, ఇక మరిచిపోండి’ అన్నారు బ్రోషర్‌లో. మరిచిపోయిన మాట నిజమే, మధ్యాహ్నం భోజనం మరిచిపోయాను.

తమర్ని తొందరపడి తెచ్చుకున్నానని మాత్రం అనకండి. 1973 నాటి ఫ్లాట్ సిక్స్ (అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు పడుకుని ఉండే) ఇంజిన్‌కి గాలి ఎటు నుంచి పోయాలా అని ఏడాది పాటు సంబంధాలు చూశాను. ఆ కాలపు పెట్రోలు ఇంజెక్షన్ కే-జెట్రానిక్, ఓవర్‌ల్యాప్ ఎక్కువున్న కామ్‌ని (రెండు వాల్వులనూ కాసేపు కలిపి తెరిచి ఉంచే ఇరుసుని) చూస్తేనే బెంబేలెత్తుతుంది, వెనక్కి తన్నే గాలికి దాని ప్లేటు గజగజ వణుకుతుంది. మెకానికల్ ఇంజెక్షన్ జమీందారీ సంబంధం. పోర్షే కరేరా ఆర్‌ఎస్ 2.7లో 210 హార్స్‌పవర్ ఇచ్చిన వంశం, కాదనను. కానీ ఎంత పెట్రోలు పోయాలో చెప్పే దాని స్పేస్ కామ్‌ని ఒక ఇంజిన్ కొలతలకే చెక్కుతారు. మన కామ్ మారిస్తే దాన్నీ మళ్లీ చెక్కించాలి. రెక్కకి బదులు జారే ప్లేటుండే స్లైడ్ థ్రాటిల్స్ అయితే పూర్తిగా తెరిచినప్పుడు గాలికి అడ్డంగా పుల్ల కూడా ఉండదు. మూసినప్పుడేమో ఇంజిన్ పీల్పుకి ప్లేటు గాడికి అతుక్కుపోతుంది, ఒక్క ఇసుక రేణువు దూరితే తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. ట్రాక్ మీద అది సరదా, ట్రాఫిక్‌లో యమగండం.

ఇక మిగిలినవి నా పాత కార్బురేటర్లు. మూడు వేల ఆర్‌పీఎమ్ దగ్గర ఐడిల్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) నుంచి మెయిన్ జెట్‌కి పెత్తనం మారేటప్పుడు ఒక్క క్షణం దగ్గేవి. చొక్కాకి పెట్రోలు వాసన. జెట్లు, ఎమల్షన్ ట్యూబులు, ఎయిర్ కరెక్టర్లు ఒక డబ్బా నిండా. ఆ దగ్గు భరించలేక తమరికి స్వాగతం పలికాను, తీరా చూస్తే తమరికి మూర్ఛలు.

రోగం ఏమిటో రాత్రి పదకొండింటికి దొరికింది. ఇంజిన్ కేసింగ్ మెగ్నీషియం, హెడ్లు అల్యూమినియం. వేడెక్కితే రెండూ ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతాయి. హెడ్ల మీద కూర్చున్న తమరు పైకీ పక్కకీ జరుగుతారు, తమర్ని లాగే ఉక్కు లింకు అంత సాగదు. లింకుల్ని తిప్పే మీట, బెల్‌క్రాంక్, ఒక పక్కకి ఉంది కాబట్టి రెండు వైపులా తేడా ఒకేలా రాదు. కుడివైపు లింకు, గాలి దారిని మూసే సీతాకోక రెక్కని వెంట్రుకవాసి తెరిచి పెడుతుంది. పూర్తి థ్రాటిల్‌లో ఆ వెంట్రుకవాసిని ఎవరూ పట్టించుకోరు. ఐడిల్‌లో రెక్క తెరుచుకునేదే అంత!

ఇంతటితో అయిందా? థ్రాటిల్ సెన్సార్ ఉన్నది ఎడమ షాఫ్ట్ మీద ఒక్కటే. ఆరు నోళ్లకీ ఉమ్మడి గాలి గది లేదు కాబట్టి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) వ్యాక్యూమ్‌ని నమ్మదు, రెక్క కోణం, ఆర్‌పీఎమ్ చూసి పెట్రోలు కొలుస్తుంది. ఎడమవైపు మూసే ఉందని సెన్సార్ సాక్ష్యం చెబుతుంది. కుడివైపు దొడ్డిదారిన గాలి దూరుతుంటుంది. కుడి చేతి దానం ఎడమ చేతికి తెలియకూడదంటారు, ఆ నీతి ఇంజిన్‌కి ఎవరు నేర్పమన్నారు? పెట్రోలు చాలక కుడి సైలెన్సర్‌లో టపాకాయలు.

పాత కార్బురేటర్లు కూడా ఇదే ఇంజిన్ మీద, ఇదే వేడిలో కూర్చున్నాయి కదా, వాటికెందుకు లేదీ రోగం? డబ్బా తీసి పాత లింకు పట్టుకుని ఆడించాను. అరిగిపోయిన బాల్ జాయింట్, అర మిల్లీమీటరు లొడలొడ. ఇంజిన్ ఎంత సాగినా ఆ లొడలొడలోనే కలిసిపోయేది, స్ప్రింగు లాగితే రెక్క వెళ్లి తన స్టాపు మీద కూర్చునేది. ఆ సందునే కదయ్యా తమరు ‘జీరో ప్లే’ (లొడలొడ సున్నా) అని పెద్దక్షరాలతో అచ్చేసి తీసిపారేసింది! దానికి విడిగా డబ్బులు కూడా పుచ్చుకున్నారు! రెండు పేజీల షీటులో లింకుల గురించి ఒకే ఒక్క వాక్యం: ‘తగిన విధంగా అమర్చుకోవలెను.’ ఏది తగిన విధం? చల్లగా ఉన్నప్పుడా, వేడి మీదా? లింకులు ఊడదీసి ఐడిల్ సరిచేయాలా, ఉంచా? ఒక్క ముక్క రాస్తే చెయ్యి పడిపోయేదా? సిగ్గుండాలి.

క్షమించాలి, ‘తమరు’ దగ్గర మొదలుపెట్టి ఎక్కడికో పోయాను.

నాలుగు వేలు దాటాక తమరు పీల్చే శబ్దం ఉందే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నిన్న అంత కోపంలోనూ ఇంటికి చుట్టుదారిలో వచ్చాను, ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
తమరి కుడివైపు మూడింటి బాధితుడు

తా.క.: పొద్దున కుడివైపుకి ఆ పాత లొడలొడ లింకే పెట్టాను. గంటసేపు తిప్పి వేడి మీద గేజ్ పెడితే ఆరూ అయిదు చూపించాయి. తమరి జీరో ప్లే లింకుని దాని అట్టపెట్టెలోనే పెట్టాను, వారంటీ కార్డుతో సహా.