అడ్జస్టబుల్ డంబెల్ దంపతులకు ఒక విన్నపం

మహారాజశ్రీ అడ్జస్టబుల్ డంబెల్ దంపతుల సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉత్తరం ఇలా మొదలుపెట్టడం ఆనవాయితీ కనుక రాశానే గాని, ఇక్కడ ఉభయులంటే మీ ఇద్దరే. డయల్ తిప్పితే బరువు మారే వ్యాయామపు డంబెల్స్ జంట అయిన మీరు మీ ట్రేలలో కులాసాగానే ఉన్నారు. నా కుడి భుజం మాత్రం నిన్నటి నుంచి ఆ మాట అనే స్థితిలో లేదు. ఆ సంగతి మనవి చేసుకోవడానికే ఇది రాస్తున్నాను.

అయితే ముందుగా మీ వల్ల కలిగిన మేలు చెప్పుకోకపోతే నేను కృతఘ్నుడినవుతాను. మీరు రాకముందు కాగితం మీద ఒక లెక్క వేసుకున్నాను. 2.5 కిలోల నుంచి 25 కిలోల దాకా, రెండున్నర చొప్పున పెంచుకుంటూ మామూలు డంబెల్స్ కొనాలంటే పది జతలు కావాలి. వాటి బరువంతా కూడితే 275 కిలోలు. వాటికొక స్టాండు కావాలి, ఆ స్టాండుకొక గోడ కావాలి, ఆ గోడను వదులుకోవడానికి ఇంట్లోవాళ్ల సమ్మతి కావాలి. మీరు అదే పనిని 50 కిలోలతో, మంచం పక్కన నాలుగైదు చెప్పుల జతలు పట్టే చోటులో సరిపెట్టారు. డయల్ తిప్పితే చాలు, కోరిన ప్లేట్లు పిడిని పట్టుకుని లేస్తాయి, అక్కర్లేనివి ట్రేలోనే కూర్చుంటాయి. 20 కిలోలతో మొదలుపెట్టి, చేతులు మొరాయించగానే 15కీ ఆపైన 10కీ దిగుతూ ఆపకుండా చేసే డ్రాప్ సెట్ మీతో ఇట్టే అయిపోతుంది. నట్లు బిగించే పాతకాలపు డంబెల్‌తోనైతే విప్పి, తీసి, మళ్లీ బిగించేసరికి కండరాలు ఒక కునుకు తీసి లేస్తాయి.

ఇక మీ పేరు సంగతి. అడ్జస్ట్ అయ్యేది మీరేనని పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. ఇంటికి తెచ్చుకున్న నాటి నుంచి అడ్జస్ట్ అవుతున్నది నేను.

5 కిలోలు పెట్టినా 25 కిలోలు పెట్టినా మీ పొడుగు మారదు. మీ వంశంలో కొందరు బరువు తగ్గినప్పుడు పొడుగు కూడా తగ్గించుకుంటారు గాని, మీరు ఆ శాఖవారు కారు. మోచేయి మడిచి బరువెత్తే తేలికపాటి కర్ల్ చేద్దామని ఎత్తితే అటు కొస పొట్టకు తగులుతుంది, ఇటు కొస ఎవరినో పిలుస్తున్నట్టు గాలిలో ఊగుతుంది.

దానినైనా సహించవచ్చు, మీ మెట్లు మాత్రం సహించరానివి. 22.5 నుంచి 25కి ఎక్కడమంటే తొమ్మిదో వంతు పెంచడం. ఛాతీ, వీపు, తొడల వంటి పెద్ద కండరాలు కాస్త గొణిగి ఒప్పుకుంటాయి. అదే రెండున్నర, 5 నుంచి 7.5కి ఎక్కేటప్పుడు సగానికి సగం పెంపు అవుతుంది. చేతులను పక్కలకు చాచి ఎత్తే ల్యాటరల్ రైజ్‌లో పనిచేసేది భుజం పక్కనుండే ఒక చిన్న కండరం. దానికి ఈ నెల సగం పని అదనంగా చేయమంటే ఏ ఉద్యోగైనా చేసే పనే అది చేస్తుంది, అంటే మెడను, నడుమును పిలిచి పని వాటి మీదికి తోసేస్తుంది. అందుకే నేను 5 కిలోల దగ్గరే రెప్స్, అంటే ఆపకుండా ఎత్తే సార్లు, పెంచుకుంటూ పది నుంచి పదిహేనుకూ, పదిహేను నుంచి ఇరవైకీ పోయి, మూడు నెలలుగా మీ గడప దగ్గరే నిలబడి ఉన్నాను.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు మీ మర్యాదల గురించి. మామూలు డంబెల్ ఒకే ఇనుప ముద్ద. ఆఖరి రెప్ అయ్యాక రబ్బరు చాప మీద వదిలేస్తే దానికి పట్టింపు లేదు. మీ లోపల పళ్లచక్రాలు, స్ప్రింగులు, సన్నని నాలుకలు ఉన్నాయి కనుక టప్పున వదిలితే వంగేది ఆ నాలుక, తెగేది వారంటీ. వెల్లకిలా పడుకుని ప్రెస్ చేసి, మోచేతులు వణుకుతుండగా లేచి, మీ ఇద్దరినీ తొడల మీద కూర్చోబెట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డను ఊయలలో పడుకోబెట్టినట్టు, ప్రతి ప్లేటూ తన గాడిలో సరిగా దిగేలా ట్రేలో పెట్టాలి. చేతులను అలసగొట్టడానికే పుట్టిన మీరు, సరిగ్గా అవి అలసిన క్షణంలోనే వాటి నుంచి కంసాలి పనితనం కోరతారు. ఎవరికి ఫిర్యాదు చేయాలి?

పైగా ఇనుప ముద్దకు రోగం రాదు. మీలో ఒక్క చక్రం అరిగితే పది జతలూ ఒకేసారి మంచం పడతాయి. 2025 జూన్‌లో అమెరికాలో ఒక పేరున్న కంపెనీ, ఎత్తి పట్టుకుని ఉండగానే ప్లేట్లు ఊడిపడుతున్నాయని, మీ జాతికి చెందిన దాదాపు 38 లక్షల డంబెల్స్‌ను వెనక్కి పిలిచింది. అది చదివినప్పటి నుంచి నేను మిమ్మల్ని ఒక అంగుళం ఎత్తి, చిన్నగా ఊపి, చెవి ఒగ్గి విని, ఆ తరువాతే తల మీదికి తీసుకుపోతున్నాను. డంబెల్ అంటే ఇంగ్లీషులో మూగ గంట అని అర్థం. గంట లేకుండా ఉత్త తాడు లాగి వ్యాయామం చేసిన కాలంలో పుట్టిన పేరది. మీ ప్లేట్ల గలగల వింటే ఆ పేరు పెట్టినవారు సిగ్గుపడతారు.

నిన్న మాత్రం ఊపి వినడం మరిచాను. తొందరలో ఒకే డంబెల్‌కు ఒక కొసన 10, మరో కొసన 15 తిప్పి, అలాగే కుడి చేత్తో షోల్డర్ ప్రెస్‌కు ఎత్తాను. తల మీదికి వెళ్లాక బరువు ఎటుందో దానికి తెలుసు, నాకు తెలియదు. మణికట్టు ఒక పక్కకు తిరిగింది, భుజం దాని వెంట పోయింది. తప్పు నాదేనని ఒప్పుకుంటాను గాని, రెండు కొసలకు రెండు డయల్స్ పెట్టి, అవి ఒక మాట మీద ఉన్నాయో లేదో చూసే పూచీ నాకు వదిలినది మీరే.

అయినా మిమ్మల్ని పంపించివేయను. 275 కిలోలకు మా ఇంట్లో చోటు లేదు. 5కీ 7.5కీ నడుమ ఒక చిన్న మెట్టు ప్రసాదించమని మాత్రం వేడుకుంటున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఎడమ చేత్తో రాస్తున్నవాడు

తా.క.: ఉత్తరం ముగించి మీ వైపు చూస్తే, మీలో ఒకరు 7.5 మీద, మరొకరు 10 మీద ఉన్నారు. అంటే ఈ ఉదయం కాళ్ల వ్యాయామం మూడు సెట్లూ అలాగే చేశానన్నమాట.