ముస్లింల నాయకుణ్ని ఎవరు ఎంచాలి?

తెలంగాణలో 2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక దాదాపు రెండేళ్లు మంత్రివర్గంలో ఒక్క ముస్లిం కూడా లేరు. ప్రతి ఎనిమిది మందిలో ఒకరు ముస్లిం అయిన రాష్ట్రం ఇది. చివరికి 2025 అక్టోబర్ 31న అజారుద్దీన్ ప్రమాణం చేశారు, అప్పటికి జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక పోలింగ్‌కి పదకొండు రోజులే ఉంది. ఆ టైమింగ్ గురించి అందరూ మాట్లాడారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఆయన వచ్చిన దారి. 2023లో అదే జూబ్లీహిల్స్‌లో పోటీ చేసి ఓడిపోయిన మనిషిని గవర్నర్ కోటా ఎమ్మెల్సీకి సిఫారసు చేసి, ఆ లెక్కన మంత్రిని చేశారు. అంతకు ముందు కేసీఆర్ ప్రభుత్వంలో ఉప ముఖ్యమంత్రిగా, తర్వాత హోంమంత్రిగా చేసిన మహమూద్ అలీ కూడా ఎమ్మెల్సీనే. ఆంధ్రలో 2014లో గెలిచిన టీడీపీ ఎమ్మెల్యేల్లో ముస్లింలు లేరు, నాలుగేళ్లకు పైగా మంత్రివర్గంలోనూ లేరు, ఎన్నికలు దగ్గర పడ్డాక 2018 నవంబర్‌లో శాసనమండలి నుంచి ఫరూక్‌ని తెచ్చి మంత్రిని చేశారు. పార్టీలు మారినా పద్ధతి ఒకటే. ముస్లిం నాయకుణ్ని జనం ఎన్నుకోరు, పార్టీ పెద్దలు ఎంచి జనానికి చూపిస్తారు.

ఈ ముగ్గురిలో ఎవరి శక్తిసామర్థ్యాల గురించీ నేను మాట్లాడటం లేదు. ఫరూక్ 2024లో నంద్యాల నుంచి ఎమ్మెల్యేగా గెలిచే మళ్లీ మంత్రి అయ్యారు, అది మంచి విషయం. నా బాధ పద్ధతి గురించి. ఎవరు పదవి ఇచ్చారో వాళ్లకే మనిషి జవాబు చెప్పుకుంటాడు. వార్డులో నీళ్లు రాకపోతే తలుపు తట్టే ఓటరు లేని మంత్రి, ఐదేళ్ల తర్వాత తిరిగి వెళ్లి మొహం చూపించాల్సిన నియోజకవర్గం లేని మంత్రి, కేబినెట్‌లో తన వాళ్లకి నష్టం చేసే నిర్ణయం వస్తే ఎంత గట్టిగా మాట్లాడగలడు? మాట్లాడితే రేపు ఆ కుర్చీ ఉంటుందా?

ఇక్కడే చాలామంది మజ్లిస్ (ఎంఐఎం) పేరు ఎత్తుతారు. ఆ పార్టీకి ఇవ్వాల్సిన క్రెడిట్ ఇవ్వాలి. 2023 ఎన్నికల్లో తెలంగాణ అసెంబ్లీకి గెలిచిన ముస్లింలు ఏడుగురూ మజ్లిస్ వాళ్లే, కాంగ్రెస్, బీఆర్ఎస్ నుంచి ఒక్కరూ గెలవలేదు. ఓటుతో వచ్చారు కాబట్టే ఏ ముఖ్యమంత్రి ముందైనా లేచి మాట్లాడతారు. కానీ ఆ ఏడు సీట్లూ హైదరాబాద్‌వే, చార్మినార్ చుట్టూ, దానికి ఆనుకుని ఉన్నవే. బోధన్, నిర్మల్, ఆదిలాబాద్, జహీరాబాద్, మహబూబ్‌నగర్ ముస్లింల సంగతి ఏంటి? నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్ల కూలి రేటు గురించి, వాళ్ల పీఎఫ్ గురించి పాతబస్తీ ఎమ్మెల్యే ఎందుకు పట్టించుకోవాలి, వాళ్ల ఓటు ఆయనకి పడదు కదా.

పైగా ఆ పార్టీ అంతా ఒకే ఇల్లు, ఒవైసీలది. హైదరాబాద్ లోక్‌సభ సీటు 1984 నుంచి 2004 వరకు తండ్రిది, అప్పటి నుంచి పెద్ద కొడుకుది. చాంద్రాయణగుట్ట 1999 నుంచి తమ్ముడిది. ఓటర్లు గెలిపిస్తున్నారు, ఆ తీర్పుని తక్కువ చేయను. అయితే ఒక సమాజపు గొంతు మొత్తం ఒక ఇంటి గుమ్మం నుంచే రావాలంటే ఒప్పుకోను. ఇంకో సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. అదే పాతబస్తీ 1952లో శాలిబండ నుంచి, 1957లో పత్తర్‌గట్టి నుంచి మాసుమా బేగం అనే ముస్లిం మహిళని కాంగ్రెస్ తరఫున అసెంబ్లీకి పంపింది, ఆమె మంత్రిగా కూడా పనిచేశారు. 1962లో పత్తర్‌గట్టిలో ఆమెని ఓడించి గెలిచింది సలావుద్దీన్ ఒవైసీ. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాల్లో పాతబస్తీ నుంచి మజ్లిస్ ఎమ్మెల్యేగా ఒక్క ఆడమనిషీ అసెంబ్లీలో కూర్చోలేదు.

అసలు 'ముస్లింల నాయకుడు' అన్నప్పుడు ఏ ముస్లింల గురించి మాట్లాడుతున్నాం? తెలంగాణ కులసర్వే లెక్కలు 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చాయి. రాష్ట్రంలో ముస్లింలు 12.56 శాతం, అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. అంటే ఐదుగురిలో నలుగురు వెనుకబడిన కులాల వాళ్లు. దూదేకుల, ఫకీరు, హజామ్, ధోబీ, ఖురేషీ, అత్తరు సాయిబులు, గారడీ వాళ్లు. మసీదులో ఒకే వరసలో నిలబడతాం కాబట్టి మనలో కులం లేదని చెప్పుకుంటాం గానీ, పెళ్లి సంబంధం దగ్గర, పార్టీ టికెట్ దగ్గర ఆ మాట నిలబడదు. ఏ పార్టీ ఆఫీసుకైనా వెళ్లి మైనారిటీ సెల్ పదవుల్లో ఎవరున్నారో చూడండి, అందులో ఫకీరు ఇంటి నుంచి, హజామ్ ఇంటి నుంచి వచ్చినవాళ్లు ఎందరో లెక్కపెట్టండి.

దూదేకుల వాళ్లదైతే మరీ బాధ. కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో హుస్సేనప్ప, మస్తానమ్మ అని పేర్లు పెట్టుకుని, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటూ, దూది ఏకి పరుపులు కుట్టి బతికిన జనం. ఉర్దూ రాదని టౌన్ సాయిబులు చిన్నచూపు చూస్తారు, పేరు చూసి మిగతా ఊరు తురకోళ్లంటుంది. రిజర్వేషన్‌లో వాళ్లు బీసీ-బి గ్రూపు, మిగతా వెనుకబడిన ముస్లింలకి ఉన్న బీసీ-ఇ కాదు. ముస్లిం కోటా గురించి ధర్నా జరిగితే వాళ్లని పిలవరు, బీసీ సంఘాల సభలో కూడా వెనక కుర్చీనే. రెండు వైపులా సభ్యత్వం ఉన్నా ఏ వైపూ మైకు దొరకని ఇలాంటి వాళ్ల నుంచి నాయకులు రావాలంటాను నేను.

'ముస్లింలకి ముస్లిమే నాయకుడు కావాలా' అని అడిగేవాళ్లకి కూడా జవాబు చెప్పాలి. ఈ రెండు రాష్ట్రాల్లో గత పాతికేళ్లలో పేద ముస్లిం పిల్లలకి జరిగిన పెద్ద మేలు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్. వైఎస్ ప్రభుత్వం మొదట 5 శాతం అని తొందరపడి ఇస్తే కోర్టులో నిలవలేదు. మతాన్ని పక్కనపెట్టి, ఏ కులవృత్తుల ముస్లింలు సామాజికంగా వెనుకబడ్డారో గుంపు గుంపుగా తేల్చి, సయ్యద్, పఠాన్, మొఘల్ లాంటి వాళ్లని బయట ఉంచి 2007లో నివేదిక ఇచ్చింది పి.ఎస్. కృష్ణన్ అనే రిటైర్డ్ ఐఏఎస్ అధికారి. ఆయన ముస్లిం కాదు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసినా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. దానివల్ల ఇంజినీరింగ్ సీటు, డాక్టర్ సీటు వచ్చిన పిల్లలు ఎంతోమంది. కాబట్టి పని చేసేవాడి మతం నాకు ముఖ్యం కాదు. అలాగని అసెంబ్లీలో, పార్లమెంటులో ముస్లింలు అసలు లేకపోయినా పర్లేదనే వాదనా ఒప్పుకోను. దేశ జనాభాలో 14 శాతం ఉన్నవాళ్ల నుంచి 2024 లోక్‌సభకి గెలిచింది 24 మంది, 543లో.

ఈ లోటు పార్టీలు చేసింది. రాజ్యాంగసభ 1949లో మైనారిటీలకు చట్టసభల్లో రిజర్వుడు సీట్లు వద్దని నిర్ణయించింది. బేగం ఐజాజ్ రసూల్ లాంటి ముస్లిం సభ్యులే వద్దన్నారు, సీట్లు విడదీస్తే మెజారిటీతో శాశ్వతంగా విడిపోతామన్నది వాళ్ల భయం. ఆ నిర్ణయం సరైనదేనని నేనూ నమ్ముతాను. కానీ దానివల్ల ముస్లింకి అసెంబ్లీ తలుపు తెరిచేది పార్టీ టికెట్ ఒక్కటే అయింది. హిందువులు ఓటేయరు, అందుకే టికెట్ ఇవ్వం అని పార్టీలు చెప్పే సాకు మన దగ్గర చెల్లదు. 1991లో గుంటూరు ఓటర్లు ఎన్.జి. రంగా అంతటి రైతు నాయకుణ్ని కాదని లాల్‌జాన్ బాషాని పార్లమెంటుకి పంపారు. కామారెడ్డిలో కాంగ్రెస్ నాయకుడు షబ్బీర్ అలీ 1989లో, 2004లో గెలిచారు, అదేమీ ముస్లింలు ఎక్కువున్న సీటు కాదు. 2023లో ఏం జరిగింది? ఆ కామారెడ్డిలో కేసీఆర్ మీద రేవంత్ రెడ్డి దిగారు, షబ్బీర్ అలీని నిజామాబాద్ అర్బన్‌కి పంపారు, రెండు చోట్లా బీజేపీ గెలిచింది. ఏళ్ల తరబడి ఒక నియోజకవర్గంలో తిరిగి హిందూ ముస్లిం ఓట్లు రెండూ సంపాదించుకున్న నాయకుణ్ని అక్కణ్నుంచి కదిలించి, ఆ తర్వాత సలహాదారు పదవి ఇచ్చారు.

మతపెద్దల గురించి కూడా చెప్పాలి. ఎన్నికల ముందు పార్టీ నాయకులు మౌలానాలని కలుస్తారు, ఇమాముల గౌరవ వేతనం, షాదీఖానా, ఖబరస్తాన్ గోడ మాట్లాడుకుని ఫొటో దిగుతారు, దాంతో ముస్లింలతో చర్చలు అయిపోయాయంటారు. విడాకులిచ్చిన భర్త భరణం ఇవ్వాలని షాబానో కేసులో 1985లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని 1986లో చట్టంతో మార్చినప్పుడు ఢిల్లీ విన్నది ఉలేమాల మాటే, భరణం అడిగిన ఆడవాళ్ల మాట వినలేదు. నమాజ్ గురించి, నికా గురించి మౌలానా చెబితే వింటాం. స్కూల్లో ఉర్దూ టీచర్ పోస్టు ఎందుకు ఖాళీగా ఉందో, ఆటో ఫైనాన్స్ వడ్డీ ఎందుకంత ఉందో కలెక్టర్‌ని నిలదీయాల్సింది ఓటుతో గెలిచిన మనిషి.

అలాంటి మనుషులు వార్డుల్లో, పంచాయతీల్లో తయారవుతారు. అందుకే బీసీ కోటా నుంచి ముస్లింలని తీసేయాలని బీజేపీ చేస్తున్న వాదన నాకు చాలా ప్రమాదంగా కనిపిస్తుంది. బీసీ రిజర్వుడు వార్డులో గెలిచే హజామ్ కొడుకు, దూదేకుల కోడలు రేపటి ఎమ్మెల్యే అభ్యర్థులు, ఆ మెట్టు తీసేస్తే మిగిలేది నామినేటెడ్ పదవులే. కాంగ్రెస్, బీఆర్ఎస్, టీడీపీ, వైసీపీలు నిజంగా ముస్లింలకి ప్రాతినిధ్యం ఇవ్వాలనుకుంటే మంత్రి పదవి దాకా వెళ్లక్కర్లేదు. వచ్చే మున్సిపల్, పరిషత్ ఎన్నికల్లో గెలిచే వార్డుల్లో బీసీ ముస్లింలకి, అందులోనూ ఆడవాళ్లకి బీఫారాలు ఇవ్వండి, అక్కడ పనిచేసి చూపించినవాళ్లకే అసెంబ్లీ టికెట్ ఇవ్వండి, ఒకసారి ఓడినా అదే నియోజకవర్గంలో ఐదేళ్లు ఇన్‌ఛార్జిగా ఉంచండి.